చిన్న కుక్కకి కారులో హార్నెస్సా, బూస్టర్ సీటా? తరచుగా అడిగే ప్రశ్నలు

హన్మకొండ, కాజీపేట, వరంగల్ వైపు చిన్న కుక్కల్ని పెంచుకునేవాళ్ళు ఎక్కువైన కొద్దీ ఇవే ప్రశ్నలు మళ్ళీ మళ్ళీ వస్తున్నాయి, పొద్దున వాకింగ్‌లో ఒకరు అడుగుతారు, వెటర్నరీ డాక్టర్ దగ్గర టోకెన్ కోసం కూర్చున్నప్పుడు ఇంకొకరు అడుగుతారు. అందుకే జవాబులన్నీ ఒకచోట రాసి పెడుతున్నాను. ఇక్కడ చిన్న కుక్క అంటే పది కిలోల లోపుది. పమేరియన్, షిట్జు, పగ్, డాష్‌హండ్, ల్హాసా, మినియేచర్ పిన్షర్, వీధిలో దొరికితే తెచ్చుకుని పెంచుకుంటున్న కుక్కపిల్లలు, అన్నీ ఇందులోకే వస్తాయి. ల్యాబ్, అల్సేషియన్ లాంటి వాటి లెక్క వేరు, వాటి గురించి ఇక్కడ వెతకొద్దు. హార్నెస్ అంటే కుక్క ఛాతీ చుట్టూ తొడిగే పట్టీల తొడుగు, బూస్టర్ అంటే కారు సీటు మీద పెట్టే కుక్క బుల్లి సీటు.

నాలుగైదు కిలోల కుక్కకి బెల్టేంటి? మా అమ్మ ఒళ్ళో పెట్టుకుని కూర్చుంటుంది, చాలదా?

చాలదు. కారు గంటకు 50 కి.మీ. వేగంతో పోతూ దేన్నైనా గుద్దుకుని సెకనులో పదో వంతు సమయంలో ఆగిపోయిందనుకోండి, మీ 5 కిలోల కుక్క ఆ క్షణంలో 70 కిలోల బరువుతో సమానమైన బలంతో ముందుకు దూసుకుపోతుంది. వేగం 80 అయితే అది 110 కిలోలు దాటుతుంది, అంటే రెండు బియ్యం బస్తాలు ఒక్కసారిగా ఒళ్ళోంచి ఎగిరినట్టు. పహిల్వాన్ అయినా చేతులతో ఆపలేడు, ఇక అమ్మ ఎక్కడ ఆపుతుంది. పైగా మన హైదరాబాద్ హైవే మీద, ఆలేరు, భువనగిరి దాటేటప్పుడు 80 అంటే నెమ్మదిగా పోతున్నట్టే లెక్క.

గుద్దుకోవడం దాకా ఎందుకు, గట్టి బ్రేక్ ఒక్కటి చాలు. నర్సంపేట రోడ్డు మీద గేదెలు అడ్డం రావడం, ములుగు రోడ్డు మీద రంగు వేయని స్పీడ్ బ్రేకర్ ఆఖరి నిమిషంలో కనపడటం, రాంగ్ రూట్లో బైకు ఎదురు రావడం, ఇవి మనకు రోజూ ఉండేవే. అలాంటి బ్రేక్‌కి ఒళ్ళోని కుక్క జారి కింద పడుతుంది. పమేరియన్, పిన్షర్ లాంటి వాటికి ముందు కాళ్ళ ఎముకలు చాలా సన్నగా ఉంటాయి, ఆ మాత్రం ఎత్తు నుంచి పడ్డా విరుగుతాయి. డ్రైవర్ ఒళ్ళో ఉంటే ఇంకా ఘోరం, బ్రేక్ పెడల్ కిందికి దూరిందంటే మీరు, ఎదుటివాడు, కుక్క ముగ్గురూ ప్రమాదంలో పడ్డట్టే.

ఇంకో మాట, కొందరు కుక్కని ఒళ్ళో పెట్టుకుని తమ సీటు బెల్టునే దాని మీది నుంచి కూడా వేసుకుంటారు. దయచేసి అది చేయొద్దు. కారు ఆగినప్పుడు మీ ఒంటి బరువంతా బెల్టుకీ మీకూ మధ్యలో ఉన్న ఆ ప్రాణి మీదే పడుతుంది.

సరే, హార్నెస్ కొనాలా బూస్టర్ సీటు కొనాలా?

ఈ రెండింటి మధ్య పోటీయే లేదు, ఎందుకంటే రెండూ చేసే పని వేరు. బూస్టర్ సీటు కుక్కని కాస్త ఎత్తులో, మెత్తగా, కిటికీలోంచి బయటికి చూసేలా కూర్చోబెడుతుంది, అంతే. ప్రమాదంలో కుక్కని ఆపాల్సింది హార్నెస్. డబ్బులు ఒకదానికే ఉన్నాయంటే హార్నెస్‌కే పెట్టండి, బూస్టర్ తర్వాతైనా కొనుక్కోవచ్చు, అసలు కొనకపోయినా నష్టం లేదు.

అమ్మేవాళ్ళు ఈ తేడా చెప్పరు. బూస్టర్ లోపల చిన్న పట్టీ, దాని చివర ఒక కొక్కెం ఉంటాయి, ఫోటోలో కుక్కని దానికే తగిలించి నవ్వుతూ కూర్చోబెడతారు. కానీ ఆ పట్టీ కుట్టింది ఎక్కడ? బూస్టర్ గుడ్డకి. బూస్టర్‌ని కట్టింది ఎక్కడ? హెడ్‌రెస్ట్‌కి, ఒక ప్లాస్టిక్ బకిల్‌తో. అంటే 70 కిలోల బలం వచ్చినప్పుడు కుక్కకీ రోడ్డుకీ మధ్య ఉన్నది దర్జీ కుట్టిన కుట్టు, గుడ్డ, ప్లాస్టిక్. కుక్కా బూస్టరూ కలిసే ఎగిరిపోతాయి.

అందుకే ఏది కొన్నా ఒకే పరీక్ష చేయండి. కుక్క ఛాతీ దగ్గర పట్టీ మీద వేలు పెట్టి, అది ఎటు పోతుందో అటే వేలు జరుపుకుంటూ వెళ్ళండి. ఆ దారి చివరికి కారు బాడీకి బోల్టులతో బిగించిన సీటు బెల్టు దగ్గరే తేలాలి. మధ్యలో ఎక్కడైనా గుడ్డకో, ప్లాస్టిక్ కొక్కేనికో, హెడ్‌రెస్ట్ కడ్డీకో తగిలి ఆగిపోతే అది ప్రమాదంలో పనికిరాదు. ఈ పేజీలో మిగతాదంతా మర్చిపోయినా పర్వాలేదు, ఇదొక్కటి గుర్తుంటే షాపువాడు ఏం చెప్పినా మీరే తేల్చుకోగలుగుతారు.

బూస్టర్ కావాలనుకుంటే దాని వెనక గోడలోనో పక్కనో చిన్న కన్నం ఉండేది వెతకండి, అందులోంచి కారు బెల్టుని గానీ క్లిప్పు బెల్టుని (ఒక చివర కారు బకిల్‌కి, ఇంకో చివర హార్నెస్‌కి తగిలించే పొట్టి పట్టీ) గానీ లోపలికి తెచ్చి నేరుగా కుక్క హార్నెస్‌కి తగిలించవచ్చు. అప్పుడు బూస్టర్ బరువు మోయక్కర్లేదు, మెత్తగా ఉంటే చాలు.

వాకింగ్‌కి వాడే హార్నెస్ ఉంది కదా, దానికే క్లిప్పు బెల్టు తగిలిస్తే కాదా?

ఊళ్ళో వెట్ దగ్గరికి, నక్కలగుట్ట నుంచి సుబేదారి దాకా, నెమ్మదిగా పోయి వచ్చేదానికి ఏమీ లేకపోవడం కంటే నయం. కుక్క కారంతా తిరగకుండా, డ్రైవర్ మీదికి దూకకుండా ఉంటుంది. హైవేకి మాత్రం దాన్ని నమ్మొద్దు.

వాకింగ్ హార్నెస్ కుక్క గుంజినప్పుడు ఆగేలా చేసింది. బకిళ్ళు ప్లాస్టిక్‌వి, పట్టీలు సన్నవి, కుట్టు ఒకే వరుస. గట్టి బలం వస్తే ప్లాస్టిక్ పగులుతుంది, పగలకపోతే సన్న పట్టీ ఛాతీలోకి, చంకల్లోకి కోసుకుపోతుంది. కారు హార్నెస్‌లో చూడాల్సింది ఛాతీ మీద వెడల్పాటి మెత్తటి ముక్క, కారు సీటు బెల్టు లాంటి మందపు నేత పట్టీ, ఉక్కు రింగు, పట్టీలు కలిసే చోట అడ్డంగా నిలువుగా దట్టంగా వేసిన కుట్టు. బలం ఎముకల గూడు మీద పరుచుకోవాలి, మెడ మీదా కడుపు మీదా పడకూడదు.

మెడ బెల్టుకి తగిలించవచ్చా?

వద్దు. గట్టి బ్రేక్ పడితే ఆ బలమంతా మెడ మీదే పడుతుంది. పమేరియన్ లాంటి వాటికి శ్వాసనాళం ముందే బలహీనంగా ఉంటుంది, మామూలుగా గుంజితేనే దగ్గు వస్తుంది. కారెక్కాక మెడ బెల్టుకి పేరు, ఫోన్ నంబరు ఉన్న బిళ్ళ తప్ప ఇంకేమీ తగిలించొద్దు.

క్లిప్పు బెల్టుల్లో చాలా రకాలున్నాయి, ఏది తీసుకోవాలి?

సీటు బెల్టు బకిల్‌లో క్లిక్‌మని దిగే ఇనుప నాలుక ఉన్నది ఒక రకం. కారు బెల్టు పట్టీనే హార్నెస్ వెనక ఉన్న గుడ్డ గొట్టంలోంచి దూర్చి, మనం పెట్టుకున్నట్టే బకిల్‌లో పెట్టేది ఇంకో రకం. రెండోదే మేలు, ఎందుకంటే మధ్యలో అదనపు ముక్కలు లేవు. కాకపోతే మన కార్ల బెల్టులు ఒక్కసారి గుంజితేనే లాక్ అవుతాయి, నెమ్మదిగా లాగితే వస్తూనే ఉంటాయి కాబట్టి, అటూ ఇటూ తిరిగే కుక్క బెల్టుని మెల్లగా లాక్కుంటూ కాళ్ళకు చుట్టుకుంటుంది. అలా తిరిగేదైతే నాలుక ఉన్న పొట్టి క్లిప్పు బెల్టే నయం.

హెడ్‌రెస్ట్‌కి ఉరితాడులా వేసేవి, రెండు కిటికీల పైన హ్యాండిళ్ళకి అడ్డంగా తాడు కట్టి కుక్కని దానికి వేలాడదీసేవి కొనొద్దు. సాగే ఎలాస్టిక్ ముక్క ఉన్నవీ వద్దు, సాగిందంటే కుక్క అంత దూరం ఎగిరిందనే అర్థం. పొడవు కూడా ముఖ్యం. కుక్క కూర్చోవాలి, పడుకోవాలి, కానీ సీటు అంచు దాటి కిందికి వేలాడకూడదు. బెల్టు పొడవుంటే స్వేచ్ఛగా ఉంటుందని జాలిపడితే అది సీటు కిందికి దూకి అక్కడే వేలాడే ప్రమాదం ఉంది.

కొత్త క్లిప్పు కొన్నాక ముందు మీ కారు బకిల్‌లో పెట్టి గట్టిగా నాలుగుసార్లు గుంజి చూడండి, అన్ని కార్ల బకిళ్ళూ ఒకే కొలత కాదు, క్లిక్‌మన్నట్టు అనిపించి ఊడివచ్చేవి ఉంటాయి. అలాగే బకిల్ మీది ఎర్ర బటన్‌ని కుక్క కాలితో తొక్కి ఊడదీయడం కూడా జరుగుతుంది, బటన్ ఉన్న వైపు సీటు మడతలోకి తిరిగి ఉండేలా చూసుకుంటే చాలు.

ప్యాకెట్ మీద క్రాష్ టెస్టెడ్ అని ఉంది, నమ్మొచ్చా?

ఎవరు చేశారు, ఎంత వేగంలో చేశారు, వీడియో ఉందా అని అడగండి. చాలా వాటికి ఈ మూడింట్లో ఒక్కదానికీ జవాబుండదు. హెల్మెట్‌కి ఉన్నట్టు మన దగ్గర కుక్కల హార్నెస్‌కి ఐఎస్ఐ గుర్తు లేదు, అమెరికాలో కూడా ప్రభుత్వం పెట్టిన తప్పనిసరి ప్రమాణం లేదు, కాబట్టి ఆ రెండు మాటలు ప్యాకెట్ మీద ఎవరైనా అచ్చు వేసుకోవచ్చు.

నమ్మదగ్గ పరీక్షలు చేసేవాళ్ళలో అమెరికాలోని సెంటర్ ఫర్ పెట్ సేఫ్టీ అనే లాభాపేక్ష లేని సంస్థ ఒకటి. వాళ్ళు 2013లో సుబారు కార్ల కంపెనీ సాయంతో మార్కెట్లో ఉన్న హార్నెస్‌లని, పిల్లల కారు సీట్లని పరీక్షించే పద్ధతిలోనే, గంటకు 48 కి.మీ. వేగంతో కుక్క బొమ్మలకి తొడిగి పరీక్షించారు. చాలావాటిలో పట్టీలు తెగడమో, బొమ్మ సీటు మీంచి ఎగరడమో జరిగింది. ప్రతి సైజులోనూ నిలకడగా ఆపింది స్లీపీపాడ్ వాళ్ళ క్లిక్‌ఇట్ యుటిలిటీ ఒక్కటే. అయితే ఆ పరీక్షలో అన్నిటికంటే చిన్న కుక్క బొమ్మే 11 కిలోలకి పైగా ఉంది. మన షిట్జు, పిన్షర్ అంతకంటే చిన్నవి, బరువు తక్కువ కాబట్టి బలమూ తక్కువే, కానీ పట్టీ సరిగ్గా అమరడం వాటికే కష్టం.

ఇలాంటి హార్నెస్ విదేశాల నుంచి తెప్పించుకుంటే పదివేల దాకా, ఒక్కోసారి పైన కూడా అవుతుంది. నెలకి రెండుసార్లు హైదరాబాద్ పోయి వచ్చేవాళ్ళకి ఆ ఖర్చు దండగ కాదు అంటాను. ఏడాదికి ఒకసారి పోయేవాళ్ళకి కింద ఇంకో దారి ఉంది.

హార్నెస్, బూస్టర్ రెండూ కాకుండా చౌకలో ఇంకేమైనా ఉందా?

ఉంది, విచిత్రంగా అదే చాలా చిన్న కుక్కలకి మంచిది కూడా. ఇనుప తలుపు ఉన్న గట్టి ప్లాస్టిక్ డబ్బా, పెట్ క్యారియర్ అంటే షాపులో ఇస్తారు. దాన్ని సీటు మీద కాకుండా, ముందు సీటు వెనక, మనం కాళ్ళు పెట్టుకునే చోట కింద పెట్టి, ముందు సీటుని వెనక్కి జరిపి కదలకుండా బిగించండి. జర్మనీలో ఏడీఏసీ అనే వాహనదారుల సంఘం కుక్కల రవాణా మీద పరీక్షలు చేస్తుంటుంది, చిన్న డబ్బాలకి ఆ చోటే తగినదని వాళ్ళ సలహా. కారణం తేలిగ్గానే అర్థమవుతుంది, ముందు సీటు వీపు డబ్బాకి అతి దగ్గర్లో ఉంటుంది కాబట్టి అది వేగం అందుకునే జాగా ఉండదు, ఎగిరి ముందుకు పోయే దారీ లేదు.

డబ్బాని సీటు మీద పెట్టి సీటు బెల్టుతో చుట్టి కట్టడం చూడ్డానికి బాగుంటుంది కానీ, బెల్టు బలానికి మామూలు డబ్బా నలిగిపోవచ్చు లేదా రెండు ముక్కలుగా విడిపోవచ్చు, అలా కట్టడానికే చేసిన డబ్బా అయితే తప్ప. ఇక పాదాల దగ్గర పెట్టడంలో ఇబ్బంది ఏంటంటే కుక్కకి బయట ఏమీ కనపడదు, ఏసీ గాలి కిందికి సరిగ్గా రాదు. వెనక సీట్లో కూర్చున్నవాళ్ళు మధ్యమధ్య చెయ్యి పెట్టి చూస్తుండాలి. కొనేముందు మీ కారులో ఆ జాగా టేపుతో కొలుచుకుని పోండి. వ్యాగన్ఆర్‌లో పట్టిందని మీ ఆల్టోలో పట్టాలని లేదు.

సైజు ఎలా చూసుకోవాలి? ఎస్, ఎమ్ అని రాస్తున్నారు.

ఆ అక్షరాలు చూడకండి, ఒక్కో కంపెనీ ఎస్ ఒక్కో రకం. దర్జీ టేపు తీసుకుని ముందు కాళ్ళ వెనక ఛాతీ చుట్టూ, అత్యంత లావుగా ఉన్న చోట కొలవండి. తర్వాత మెడ మొదట్లో, బెల్టు కూర్చునే చోట. తర్వాత బరువు, ఇంట్లో కాటా మీద మీరు కుక్కని ఎత్తుకుని నిలబడి, తర్వాత మీరొక్కరే నిలబడి తీసేస్తే సరిపోతుంది. పమేరియన్, షిట్జులకి బొచ్చు పైన కొలిస్తే అబద్ధం చెబుతుంది, బొచ్చు పక్కకి తీసి చర్మానికి దగ్గరగా కొలవండి. ఎండాకాలం ముందు బొచ్చు కత్తిరించే అలవాటుంటే కత్తిరించాక హార్నెస్ మళ్ళీ బిగించుకోవాలి, అది చాలామంది మర్చిపోతారు.

తొడిగాక పట్టీ కిందికి రెండు వేళ్ళు దూరాలి, మూడో వేలు దూరకూడదు. తర్వాత కుక్కకి ఎదురుగా నిలబడి హార్నెస్‌ని మీ వైపు లాగండి, వెనక్కి నడుస్తూ తల దూర్చి బయటికి వచ్చేస్తే అది వదులు కింద లెక్క. చంకల కింద రుద్దుకుంటే రెండు మూడు ప్రయాణాల్లోనే ఎర్రగా పుండు పడుతుంది, చూసుకోండి.

ఆరు నెలల కుక్కపిల్లకి ఖరీదైన హార్నెస్ కొనొద్దు. చిన్న జాతులు ఏడాది దగ్గరికి వచ్చేసరికి పెరుగుదల ఆగుతుంది, అప్పటిదాకా డబ్బాతో నెట్టుకురండి.

మా పాత ఆల్టోలో వెనక హెడ్‌రెస్ట్ ఊడదు. బూస్టర్ ఎలా కట్టాలి?

చిన్న కార్లలో, బేస్ మోడళ్ళలో ఇది అందరికీ వచ్చే తలనొప్పే. వెనక సీటు, దాని తల ఒకే ముక్కగా ఉంటాయి, బూస్టర్ పట్టీ వేయడానికి కడ్డీ ఉండదు. కొందరు సీటు వీపు మొత్తం చుట్టూ పట్టీ తిప్పి డిక్కీ వైపు నుంచి కట్టుకుంటారు, సీటు మడతపడే కారైతే ఇది కుదురుతుంది. కుదరకపోతే వేలాడే రకం మానేసి, కింద గట్టి ఫోమ్ దిమ్మ ఉండి సీటు మీద స్థిరంగా కూర్చునే రకం తీసుకోండి, దాని అడుగు నుంచి కారు బెల్టు పోనివ్వచ్చు.

మనవాళ్ళ కార్లలో రెక్సిన్ సీటు కవర్లు ఎక్కువ, వాటి మీద బూస్టర్ జారుతుంది, కుక్క కాళ్ళూ జారతాయి. కింద వరంగల్ కొత్తవాడలో నేసిన పాత జంపఖానా ఒకటి మడిచి వేయండి. నూలుది కాబట్టి పట్టు దొరుకుతుంది, వాంతి చేస్తే ఉతికేయొచ్చు, ఆన్‌లైన్‌లో వెయ్యి రూపాయలకి అమ్మే జారని మ్యాట్ అవసరమే ఉండదు.

ముందు సీట్లో పెట్టుకోవచ్చా? మధ్యలో హ్యాండ్‌బ్రేక్ మీద పెట్టే బుల్లి బూస్టర్ చూశాను, ముద్దుగా ఉంది.

ముద్దుగానే ఉంటుంది. ముందు సీటులో ఎయిర్‌బ్యాగ్ ఉంటే అది మనం కన్ను మూసి తెరిచే లోపు పేలి తెరుచుకుంటుంది, మనిషి ఛాతీ ఎత్తుకి తగ్గట్టు చేసింది, అక్కడ మీ కుక్క తల ఉంటుంది. బూస్టర్ వేసి ఇంకాస్త ఎత్తు చేస్తే సరిగ్గా దాని దారిలో పెట్టినట్టే. మధ్యలో పెట్టే రకంలో కుక్క మీ మోచేతి పక్కనే ఉంటుంది, గేరు మార్చిన ప్రతిసారీ చెయ్యి నాకుతుంది, మీరు దాని వంక చూస్తారు. దాని పట్టీ కూడా సాధారణంగా ఆ బుల్లి డబ్బాకే కుట్టి ఉంటుంది.

వెనక సీట్లో, డ్రైవర్‌కి వెనక కాకుండా ఎడమవైపు కూర్చోబెట్టండి. అద్దంలో కనపడుతుంది, దింపేటప్పుడు ఫుట్‌పాత్ వైపు దిగుతుంది.

మా గల్లీలో బ్యాగులు కుట్టే అన్న ఉన్నాడు, ఆయనతో కుట్టించుకుంటే?

బూస్టర్ కుట్టించుకోండి, హాయిగా. గట్టి ఫోమ్, లోపల ప్లైవుడ్ ముక్క, పైన ఉతకడానికి ఊడే జిప్పు కవర్, బెల్టు దూరడానికి కన్నం అని చెబితే ఆయన షాపులో దొరికేదానికంటే బాగా, మీ కారు కొలతకి తగ్గట్టు చేసిస్తాడు. చేతిపని విషయంలో నాకు ఏ అనుమానం లేదు.

హార్నెస్ మాత్రం వద్దు. కుట్టు చూడ్డానికి గట్టిగా ఉన్నా ఆ దారం ఎంత బరువుకి తెగుతుందో కొలిచే యంత్రం ఆయన దగ్గర లేదు, మనదగ్గరా లేదు. తాళంచెవులకి వేసే అల్యూమినియం కొక్కేలు తెచ్చి తగిలించడం కూడా ఇలాంటిదే, అవి బరువు మోయడానికి చేసినవి కావు.

మొత్తం ఎంత అవుతుంది?

ఉజ్జాయింపుగా చెబుతాను, ధరలు మారుతుంటాయి. నాలుక ఉన్న క్లిప్పు బెల్టు మూడు నుంచి ఆరు వందలు. వెడల్పు ఛాతీ ముక్క, ఉక్కు రింగు ఉన్న హార్నెస్ వెయ్యి నుంచి రెండున్నర వేలు. బూస్టర్లు పదిహేను వందల నుంచి మొదలై ఐదు వేల దాకా ఉంటాయి, ఎక్కువ పెట్టినంత మాత్రాన ఎక్కువ భద్రత రాదు, గుడ్డ మెత్తగా ఉంటుంది అంతే. ఆన్‌లైన్‌లో కొంటే రిటర్న్ ఉన్నది చూసి కొనండి, ఎందుకంటే మొదటిసారి సైజు సరిగ్గా రావడం అరుదు.

పగ్‌కి, డాష్‌హండ్‌కి వేరే జాగ్రత్తలు ఉన్నాయా?

పగ్, షిట్జు లాంటి చప్పిడి ముక్కు వాటికి ఊపిరి తీసుకోవడమే పని. గొంతు దగ్గరికి ఎగబాకే హార్నెస్ వాటికి పనికిరాదు, ఛాతీ ముక్క కిందికి, రొమ్ము ఎముక మీద కూర్చోవాలి. నాలుగు వైపులా ఎత్తు గోడలున్న బూస్టర్‌లో వాటికి గాలి ఆడదు, గోడ తక్కువ ఎత్తులో ఉండాలి, ఏసీ గాలి తగలాలి.

డాష్‌హండ్‌కి వెన్ను సమస్య, ఆ జాతికి వెన్నుపూసల మధ్య డిస్క్ జారే జబ్బు ఎక్కువ. దాన్ని బూస్టర్‌లోంచి దూకనివ్వకూడదు, ఎక్కించడం దించడం రెండూ మీరే, ఒక చెయ్యి ఛాతీ కింద, ఇంకొకటి నడుము కింద. పొడవైన ఒళ్ళు కాబట్టి గుండ్రటి చిన్న బూస్టర్‌లో మడుచుకుని కూర్చోవాల్సి వస్తుంది, పొడవుగా ఉన్నది తీసుకోండి.

కారెక్కిన పది నిమిషాలకే కక్కేస్తుంది. బూస్టర్ వేస్తే తగ్గుతుందా?

కొన్నిటికి తగ్గుతుంది, బయట చూస్తూ కూర్చుంటే కడుపులో తిప్పడం తక్కువ. అన్నిటికీ తగ్గుతుందని అమ్మేవాడు చెబితే నమ్మకండి. కుక్కపిల్లలకి లోపలి చెవి ఇంకా సరిగ్గా ఎదగక వాంతులు అవుతాయి, ఏడాది వచ్చేసరికి చాలావాటికి అదే పోతుంది.

బయలుదేరే మూడు నాలుగు గంటల ముందు నుంచి తిండి పెట్టొద్దు, నీళ్ళు కొద్దికొద్దిగా ఇవ్వొచ్చు. కారులో ఘాటైన పెర్‌ఫ్యూమ్ డబ్బా ఉంటే తీసేయండి. సొల్లు ఎక్కువ కార్చడం, పదే పదే మూతి నాక్కోవడం మొదలైందంటే వాంతి రాబోతోందని, పక్కకి ఆపండి. అయినా తగ్గకపోతే కుక్కల ప్రయాణ వాంతులకి వాడే మారోపిటెంట్ అనే మందు ఉంది, బయలుదేరడానికి కనీసం రెండు గంటల ముందు ఇవ్వాలి, బరువుని బట్టి ఎంత ఇవ్వాలో డాక్టర్ రాయాలి. మనం వేసుకునే మాత్రని సగం విరిచి ఇవ్వడం మానుకోండి. మామునూరులో వెటర్నరీ కాలేజీ ఉంది, ఊళ్ళో ప్రైవేటు డాక్టర్లు ఉన్నారు, ఒకసారి చూపించుకోవడం పెద్ద పనేం కాదు.

తొడగగానే రాయిలా బిగుసుకుపోతుంది, లేదా పట్టీ కొరికేస్తుంది. ఏం చేయాలి?

హార్నెస్ కొన్న రోజే మేడారం ప్రయాణం పెట్టుకుంటే అలాగే ఉంటుంది. ముందు ఇంట్లో తొడిగి తిండి గిన్నె ముందు పెట్టండి, తిన్నాక తీసేయండి. కొన్ని రోజులు అలా చేశాక, ఇంజన్ ఆఫ్ చేసిన కారులో బూస్టర్‌లో కూర్చోబెట్టి బిస్కెట్ పెట్టండి. తర్వాత ఇంజన్ ఆన్, తర్వాత గల్లీ చివరిదాకా. తొందరపడితే పని మొదటికొస్తుంది. మొదటి మూడు ప్రయాణాలూ ఇంజెక్షన్ దగ్గరికే అయితే ఏ కుక్కైనా కారుని చూస్తే మంచం కిందికి దూరుతుంది, అందుకే ఒకటి రెండుసార్లు ఊరికే హంటర్ రోడ్డు వైపు తిప్పి తీసుకురండి.

కొరికే అలవాటుంటే నమలడానికి వేరేది ఏదైనా ఇవ్వండి, ఎముకలు వద్దు, కారు కుదుపుకి గొంతులో ఇరుక్కుంటాయి. పట్టీ మీద పంటి గాటు కనపడిందంటే ఆ పట్టీ పని అయిపోయినట్టే.

మేడారం అన్నాను కాబట్టి చెబుతున్నాను, జాతర రోజుల్లో అటు కుక్కని తీసుకెళ్ళొద్దు. గంటల తరబడి ట్రాఫిక్‌లో నిలబడాలి, దుమ్ము, డప్పులు, జనం. తల్లులకి మీరు మొక్కండి, దాన్ని తెలిసినవాళ్ళ ఇంట్లో వదిలిపెట్టండి.

ఎండాకాలం సంగతి?

మన దగ్గర మే నెలలో 44 డిగ్రీలు మామూలు, రోళ్ళు పగిలే రోహిణి కార్తె సంగతి చెప్పనే అక్కర్లేదు. ఎండలో ఆపిన కారులో హార్నెస్ వదిలేసి వస్తే దాని ఉక్కు రింగు, బకిల్ కాలిన పెనంలా అవుతాయి, అవే తీసి బొచ్చు లేని పొట్టకి తగిలిస్తే కాలి బొబ్బ వస్తుంది. హార్నెస్‌ని ఇంట్లోకి తెచ్చుకోండి, లేదంటే తొడిగే ముందు మీ మణికట్టుకి తాకించి చూసుకోండి.

ఆపిన కారులో కుక్కని ఒంటరిగా వదలొద్దు, అద్దం కొంచెం దించినా సరే. బయట 30 డిగ్రీలే ఉన్నా అరగంటలో లోపల 45 దాటుతుంది. కుక్క నాలుక బయటపెట్టి రొప్పడం తప్ప ఒళ్ళు చల్లబరుచుకునే దారి పెద్దగా లేదు, ఒంటి వేడి 41 డిగ్రీలు దాటితే ప్రాణం మీదికి వస్తుంది. హార్నెస్‌తో కట్టేసి ఉంటే నీడ వైపు జరగడం కూడా దానికి కుదరదు. జనగామ దగ్గర టిఫిన్‌కి ఆగితే ఒకరు తినండి, ఒకరు కుక్కతో నీడలో నిలబడండి.

పోలీసులు ఫైన్ వేస్తారా?

సొంత కారులో కుక్కకి బెల్టు లేదని విడిగా ఫైన్ వేసే నిబంధన మన చట్టంలో లేదు. మీకు బెల్టు లేకపోతే మాత్రం ఫైన్ ఉంటుంది, 2019 సవరణ చట్టంలో దానికి వెయ్యి రూపాయలు అని ఉంది. జంతువులని అనవసరంగా బాధపడేలా వాహనంలో తీసుకుపోవడం 1960 నాటి జంతు హింస నివారణ చట్టం కింద నేరం, కాబట్టి డిక్కీలో మూసి తీసుకుపోవడం లాంటివి చిక్కు తెస్తాయి. బ్రిటన్‌లో అయితే కారులో కుక్కని కట్టి ఉంచాలని వాళ్ళ హైవే కోడ్‌లో 57వ నియమం చెబుతుంది.

స్కూటీ మీద ముందు నిలబెట్టుకుని పోతాం, పర్వాలేదా?

పర్వాలేదని నేను అనలేను. వీధి కుక్క మొరిగితే మీ కుక్క దూకుతుంది, హార్నెస్ పట్టీ హ్యాండిల్‌కి కట్టి ఉంటే ఇంకా ప్రమాదం, వేలాడుతుంది లేదా హ్యాండిల్ తిరుగుతుంది. తప్పనిసరైతే వెనక కూర్చున్నవాళ్ళు ఛాతీకి తగిలించుకునే జిప్పు బ్యాగులో పెట్టుకోండి. దాని కంటే ఆటో మాట్లాడుకుని, డబ్బాని కాళ్ళ మధ్య కింద పెట్టుకుంటే నయం.

రెండు కుక్కలుంటే ఒకే బూస్టర్‌లో సరిపోతాయి కదా?

కూర్చోడానికి సరిపోతాయి. క్లిప్పు బెల్టులు రెండు, బకిళ్ళు రెండు ఉండాలి. ఒకే కొక్కేనికి రెండు పాయలుగా చీలిన పట్టీలు అమ్ముతారు, అవి వాకింగ్‌కే. కారు ఆగినప్పుడు రెండు తలలు ఒకదానికొకటి కొట్టుకుంటాయి, మామూలు సమయంలో కూడా పట్టీలు మెలిపడి లొల్లి పెడతాయి.

హార్నెస్ ఎప్పుడు మార్చాలి?

పంటి గాటు, పీచు లేచిన అంచు, తుప్పు, రంగు వెలిసి గరుకుగా మారిన పట్టీ, వీటిలో ఏది కనపడినా మార్చండి. ఉతకడానికి మామూలు సబ్బు నీళ్ళు చాలు, బ్లీచింగ్ వద్దు, నీడలో ఆరేయండి, ఎండ పట్టీని పెళుసు చేస్తుంది. వానాకాలంలో తడిగా మడిచి డిక్కీలో పడేస్తే బూజు పట్టి చర్మానికి దురద వస్తుంది.

కారు ఒకసారి గట్టిగా గుద్దుకుంటే, బయటికి ఏమీ కనపడకపోయినా, ఆ హార్నెస్, క్లిప్పు రెండూ తీసేయాలి, లోపలి కుట్లు సాగిపోయి ఉంటాయి. ఎవరికీ ఇచ్చేయకండి. పట్టీని కత్తెరతో రెండు ముక్కలు చేసి చెత్తబుట్టలో వేయండి, లేకపోతే పనిమనిషో వాచ్‌మనో బాగానే ఉంది కదా అని తీసుకుని వాళ్ళ కుక్కకి తొడుగుతారు.